ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు డేటా కాపీ నత్తనడక నడుస్తుంటే

సర్వర్‌కు ర్యామ్ పెంచే ముందు, పని ఆగుతున్నది చదివే దగ్గరా రాసే దగ్గరా అన్నది తేల్చుకోండి. కాపీ నడుస్తుండగా పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ వ్యూ తెరిచి ఆ సెషన్ వెయిట్ ఈవెంట్ (అది దేనికోసం ఆగి ఉందో) చూడండి.

సమస్య: ఎప్పుడు చూసినా 'క్లయింట్ రీడ్', రెండు సర్వర్లలోనూ సీపీయూ ఖాళీ

పోస్ట్‌గ్రెస్‌కు డేటా అందడం లేదు. ముందుగా అనుమానించాల్సింది ఫెచ్ సైజునే, అంటే ఒక్క విడతలో తెచ్చుకునే రోల (వరుసల) సంఖ్యనే. జావా టూళ్లు ఒరాకిల్‌తో మాట్లాడే జేడీబీసీ డ్రైవర్‌లో అది డీఫాల్ట్‌గా 10. కోటి రోలకు 10 లక్షల రౌండ్ ట్రిప్పులు. ఒక్కోదానికి 1 మిల్లీసెకను వేసుకున్నా 1,000 సెకన్లు దారిఖర్చుకే పోతాయి. 2,000 పెడితే అది 5 సెకన్లు. అలాగని లక్ష పెట్టకండి, రోలు పెద్దవైతే జావా హీప్ (టూల్ వాడే మెమరీ) నిండిపోతుంది. క్లాబ్, బ్లాబ్ (భారీ టెక్స్ట్, బైనరీ డేటా) కాలమ్‌లున్న టేబుళ్లకు దీంతో పెద్దగా లాభముండదు, వాటిని వేరే జాబ్‌గా నడపండి.

ఫెచ్ సైజ్ సరిగానే ఉంటే ఇన్సర్ట్‌లు ఒక్కొక్కటిగా వెళ్తున్నాయేమో చూడండి. ఇన్సర్ట్ మానేసి, రోలను గుంపుగా లోడ్ చేసే పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్ వాడటమే అసలు మందు. టూల్ ఒప్పుకోకపోతే ఆటోకమిట్ (ప్రతి ఇన్సర్ట్‌నూ వెంటనే ఖరారు చేయడం) ఆపి, వెయ్యేసి రోల బ్యాచ్‌లు పంపుతూ, కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో 'రీరైట్ బ్యాచ్డ్ ఇన్సర్ట్స్' ఆన్ చేయండి.

సమస్య: మొదట పరుగు, పోనుపోను మందగింపు

ఇండెక్సులు మెమరీలో పట్టనంత పెరిగాయి. ప్రైమరీ కీ సహా ఇండెక్సులు, ఫారిన్ కీలు తీసేసి, లోడ్ అయ్యాక కట్టండి. కట్టే సెషన్‌లో మెయింటెనెన్స్ వర్క్ మెమ్‌ను 64 ఎంబీ నుంచి 1 జీబీకి పెంచండి. చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పులను డిస్క్‌కు రాసే విడతలు) మరీ తరచుగా వస్తున్నాయని లాగ్ మొత్తుకుంటుంటే, మ్యాక్స్ వాల్ సైజు (వాల్ అంటే మార్పుల లాగ్) డీఫాల్ట్ 1 జీబీ చాలడం లేదన్నమాట. డిస్క్‌లో చోటుంటే 16 జీబీ చేయండి. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు.

సమస్య: సగంలో 0x00 ఎర్రర్‌తో ఆగిపోవడం

0x00 అంటే నల్ బైట్. దాన్ని ఒరాకిల్ టెక్స్ట్ కాలమ్ భరిస్తుంది, పోస్ట్‌గ్రెస్ భరించదు. సోర్స్ సెలెక్ట్‌లోనే రీప్లేస్‌తో తీసేయండి. కాపీ కమాండ్ మధ్యలో ఫెయిలైతే అప్పటిదాకా వెళ్లినదంతా రోల్‌బ్యాక్ అవుతుంది. అందుకే ఐడీ రేంజ్‌లుగా, 10 లక్షలేసి రోలకు ఒక ముక్క చొప్పున పంపాలి. ఆ ముక్కల్నే నాలుగు సెషన్లలో సమాంతరంగా నడపొచ్చు. ఆఫ్‌సెట్‌తో మాత్రం ముక్కలు చేయకండి, దాటేసే రోలను కూడా ప్రతిసారీ చదవాల్సి వస్తుంది. సోర్స్ లైవ్‌లో ఉంటే సెషన్లన్నీ ఒకే ఎస్‌సీఎన్ (ఒరాకిల్ మార్పులకు వేసే క్రమసంఖ్య) దగ్గర చదవాలి. పాత డేటాను దాచే అన్‌డూ చోటు చాలకపోతే ఓఆర్‌ఏ-01555 (స్నాప్‌షాట్ టూ ఓల్డ్) ఎర్రర్ తప్పదు.

అంతా చేరాక అనలైజ్ (టేబుళ్ల గణాంకాలు సేకరించే కమాండ్) నడిపి, సీక్వెన్సులను (కొత్త ఐడీలిచ్చే కౌంటర్లను) మ్యాక్స్ ఐడీకి జరపండి. లేకపోతే మొదటి కొత్త ఇన్సర్టే డూప్లికేట్ కీ అంటుంది.