ఇథిడియం వెలుగు తగ్గితే కాంపౌండ్ డీఎన్‌ఏకు అతికినట్టేనా?

ఇథిడియం బ్రోమైడ్ అనే రంగు డీఎన్‌ఏ బేస్ జతల మధ్య దూరినప్పుడు బాగా వెలుగుతుంది; పరీక్షించే కాంపౌండ్ దాన్ని బయటికి నెడితే వెలుగు తగ్గుతుంది. దూడ థైమస్ డీఎన్‌ఏతో చేసే ఈ పోటీ పరీక్షలో మామూలు అమరిక ఇది: ట్రిస్ (బఫర్) 5, సోడియం క్లోరైడ్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.2; ఇథిడియం 5, డీఎన్‌ఏ 50 మైక్రోమోలార్; 510 నానోమీటర్ల వద్ద ఎక్సైటేషన్ (వేసే కాంతి), 600 చుట్టూ ఎమిషన్ (వచ్చే వెలుగు). ఇథిడియం మ్యూటజెన్ (జన్యువులను మార్చగల పదార్థం), నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి.

సమస్య: కాంపౌండ్ పోసేకొద్దీ వెలుగు పడిపోతోంది, వేరే పద్ధతిలో మాత్రం బంధం కనిపించదు

ఎక్కువసార్లు దోషం కాంపౌండ్ రంగుదే. 510 దగ్గర వేసే కాంతిని అదే మింగేస్తుంది. అక్కడ దాని శోషణ 0.3 ఉంటే చాలు, డీఎన్‌ఏను తాకకపోయినా వెలుగు దాదాపు 29 శాతం తగ్గుతుంది.

పరిష్కారం: పోసిన ప్రతిసారీ 510 వద్ద, 600 వద్ద శోషణ కొలవండి. రెండూ కలిపి, రెండుతో భాగించి, 10ని ఆ ఘాతానికి ఎత్తి, చూసిన తీవ్రతను దానితో గుణించండి. శోషణ బాగా పెరిగాక ఈ సవరణను నమ్మకండి, 3 మి.మీ. క్యువెట్‌కు (ద్రావణం పోసే సన్నని పాత్రకు) మారండి. కాంపౌండ్ బదులు అంతే డీఎంఎస్‌ఓ (కాంపౌండ్‌ను కరిగించిన ద్రావణి) పోసిన కంట్రోల్ కూడా ఉండాలి. 2 మి.లీ.లో మొత్తం 200 మైక్రోలీటర్లు పోస్తే పలచబడటం వల్లే 9 శాతం పోతుంది. గాఢమైన స్టాక్ చేసుకుని 2 మైక్రోలీటర్ల చొప్పున పోయండి.

సవరించాక కూడా తగ్గుతోందా? ఫ్లోరెసెన్స్ లైఫ్‌టైమ్ (కాంతి తగిలాక వెలుగు నిలిచే సగటు కాలం) కొలిచే వీలుంటే సందేహం తీరుతుంది. డీఎన్‌ఏలో దూరిన ఇథిడియానికి సుమారు 22 నానోసెకన్లు, బయట నీళ్లలో 1.8. నిజంగా తొలగింపే అయితే 22 అలాగే ఉండి దాని వాటా తగ్గుతుంది. ఆ 22 కూడా కుదించుకుపోతే, కాంపౌండ్ ఇథిడియాన్ని కదిలించకుండానే వెలుగును ఆర్పుతోందన్నమాట.

సమస్య: ఇథిడియం లేకపోయినా 617 దగ్గర చిన్న శిఖరం

నీటి రామన్ అది, అంటే నీటి అణువులు చెదరగొట్టిన కాంతి. ఎక్సైటేషన్ మారిస్తే తానూ జరుగుతుంది. 480కి మార్చితే 574కు వెళ్తుంది. బఫర్ ఒక్కటే ఉన్న బ్లాంక్ రీడింగ్‌ను మీ రీడింగ్ నుంచి తీసివేయండి.

సమస్య: బైండింగ్ సైట్ లెక్క సరిగ్గా రెండింతలు తేడా

డీఎన్‌ఏ గాఢత లెక్కకు 260 నానోమీటర్ల వద్ద మోలార్ శోషణ గుణకం 6600 వాడితే వచ్చేది న్యూక్లియోటైడ్ల గాఢత, 13200 వాడితే బేస్ జతల గాఢత. ఏది వాడారో నోట్‌బుక్‌లో రాయండి.

సమస్య: రీడింగ్ ఎగుడుదిగుడు, ద్రావణం మసక

ధనావేశమున్న కాంపౌండ్ డీఎన్‌ఏను ముద్దగా చేస్తోంది. కాంపౌండ్, డీఎన్‌ఏ రెండూ శోషించని తరంగదైర్ఘ్యం వద్ద శోషణ పెరిగితే అదే రుజువు. కాంపౌండ్ తగ్గించండి. ఉప్పు పెంచినా ముద్ద విడొచ్చు, కానీ బంధ స్థిరాంకం పడిపోతుంది. వేరే ఉప్పులో వచ్చిన విలువతో పోల్చకండి.

సమస్య: తగ్గుదల సగంలో ఆగింది

డీఎన్‌ఏ మెలిక గాడిలో కూర్చునే కాంపౌండ్లు కూడా కొంత ఇథిడియాన్ని నెట్టగలవు. కాబట్టి ఈ ఒక్క గ్రాఫ్ చూసి ‘ఇంటర్‌కలేటర్’ (బేస్ జతల మధ్య దూరేది) అని రాయడం తొందరపాటు. డీఎన్‌ఏ ద్రావణం స్నిగ్ధత (చిక్కదనం) కొలవండి: జతల మధ్య దూరితే డీఎన్‌ఏ పొడవై స్నిగ్ధత పెరుగుతుంది, గాడిలో కూర్చుంటే పెద్దగా మారదు.