విండ్‌సర్ఫింగ్‌కి రామేశ్వరం వెళ్లే ముందు గాలిని ఎలా చూసుకోవాలి?

తిరుపతి నుంచి రామేశ్వరం బయలుదేరే కుర్రాళ్లు ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "అన్నా, ఈ శని, ఆదివారాల్లో గాలి ఎంతుంటుంది?" ఎంత అన్నది తర్వాతి సంగతి. గాలి ఎటు నుంచి వీస్తోంది, మనం దిగే ఒడ్డు ఏ దిక్కు చూస్తోంది, ఈ రెండూ ముందు తేలాలి. వేగం అంకె ఒక్కటే చూసి టికెట్ కొనేసేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాను. తెరచాప కట్టిన బోర్డు మీద నిలబడటం ఓపికుంటే ఎవరికైనా వస్తుంది. గాలి చూడటం మాత్రం పట్టుబట్టి నేర్చుకోవాలి.

1. నెల ఎంచుకోండి

మే మధ్య నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి. అక్టోబరు, నవంబరు వదిలేయండి. అవి వానలు, అల్పపీడనాల నెలలు, మనకూ అప్పుడే కుండపోత కదా. డిసెంబరులో వెళ్లినా తుపాను హెచ్చరికలు చూడకుండా కదలొద్దు. 1964లో ధనుష్కోటిని ఊడ్చేసిన తుపాను వచ్చింది డిసెంబరు 22, 23 తేదీల్లోనే. మార్చి, ఏప్రిల్‌లో గాలి నెమ్మదిగా ఉంటుంది. కొత్తవాళ్లు అప్పుడే వెళ్లాలి, ఇంకో మాట లేదు.

ఊళ్లో చెట్లు ఊగుతున్నాయని అక్కడి గాలి గురించి లెక్కలు కట్టొద్దు. ఆడి మాసపు (జూలై, ఆగస్టు) గాలికి అమ్మి, అంటే నూరుకునే రాయి కూడా కదులుతుందని చిత్తూరు వైపు తమిళం తెలిసిన ఇళ్లలో అంటుంటారు. ఆ సామెత కాలం గురించి నిజమే చెబుతుంది. కానీ శేషాచలం కొండలు గాలిని అడ్డుకుని పక్కకు మళ్లిస్తాయి. కపిలతీర్థం దగ్గర వీచే గాలికీ పాంబన్ దగ్గర వీచేదానికీ పోలికే లేదు.

2. సామాను

బోర్డు, తెరచాప అక్కడ అద్దెకు తీసుకోండి. మీరు తీసుకెళ్లాల్సినవి లైఫ్ జాకెట్, విజిల్, రాళ్లు గుచ్చుకోని రబ్బరు బూట్లు, పొడుగు చేతుల టీషర్టు. వీటితోపాటు మూరెడు రిబ్బను, ఒక కర్ర. అంతే.

3. సూచన చదవండి

గాలి సూచన ఇచ్చే విండీ, విండ్‌గురు యాప్‌లు రెండూ చూడండి. రెండూ ఒకే మాట చెబితే నమ్మండి. తేడా ఉంటే తక్కువ చెప్పినదాన్ని బట్టి ప్రయాణం, ఎక్కువ చెప్పినదాన్ని బట్టి జాగ్రత్త. ఐదు రోజుల ముందు చూసింది ఆశ మాత్రమే. బయలుదేరే ముందు రోజు చూసిందే లెక్క. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన కూడా చూడాలి. దాన్ని చాలామంది పట్టించుకోరు. గాలి తక్కువున్న రోజు కూడా దూరం నుంచి వచ్చే పెద్ద అలలు ఒడ్డు దగ్గరే పడేస్తాయి.

వేగాన్ని నాట్స్‌లోనే చదవడం అలవాటు చేసుకోండి. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. ఫోన్‌లో 28 అని కనిపిస్తే అది 15 నాట్స్. కొత్తవాళ్లకు 6 నుంచి 12 చాలు. వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే 12లో హాయిగా నడిపినవాళ్లు 24లో చేతులెత్తేస్తారు. మామూలు వేగానికీ, ఉన్నట్టుండి ఎగసే జోరు (గస్ట్) వేగానికీ మధ్య 8 నాట్స్ కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ రోజు ఒడ్డునే ఉండండి.

ఒక తప్పు దాదాపు అందరూ చేస్తారు. నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది. తెర మీద బాణం మాత్రం అది వెళ్లే వైపు, అంటే ఈశాన్యం వైపు చూపిస్తుంది. బాణం చూసి దిక్కు తిరగేసి చదివారంటే తర్వాత చేసే లెక్కంతా తలకిందులవుతుంది.

4. గాలినీ ఒడ్డునూ కలిపి చూడండి

ఇది తొందరపడకుండా చదవండి. రామేశ్వరం ద్వీపానికి ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. నైరుతి కాలంలో గాలి నేరుగా దక్షిణపు ఒడ్డును కొడుతుంది, అక్కడ నీళ్లు అల్లకల్లోలంగా ఉంటాయి. అదే రోజు ఉత్తరపు ఒడ్డుకు వెళ్తే నీళ్లు కోనేరులా కదలకుండా ఉంటాయి. కొత్తవాళ్లు అది చూసి ముచ్చటపడి దిగిపోతారు. ఆ నీళ్లు కదలకపోవడానికి కారణం గాలి లేకపోవడం కాదు, గాలి నేల మీదుగా సముద్రంలోకి వీస్తుండటం. ఒడ్డున కొబ్బరి చెట్లు, తుమ్మలు, ఇళ్లు ఆ గాలిని ఆపుతాయి. లోపలికి పోయేకొద్దీ ఆ అడ్డు ఉండదు, గాలి పెరుగుతుంది, అలలూ పెరుగుతాయి. అప్పుడు వెనక్కి తిరగాలంటే గాలికి ఎదురు రావాలి. కొత్తగా నేర్చినవాళ్లకు ఆ విద్య ఇంకా రాదు. గాలి తోసుకెళ్లే వైపు భారత, శ్రీలంక సముద్ర సరిహద్దు ఉందని కూడా గుర్తుంచుకోండి.

ఈశాన్య కాలంలో ఇదంతా తిరగబడుతుంది. అప్పుడు పాక్ అఖాతం పొంగుతుంది, మన్నార్ వైపు మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని నమ్మొద్దు. ధనుష్కోటి దారిలో భూమి సన్నటి ఇసుక పట్టీలా ఉంటుంది కాబట్టి గాలి అడ్డంకి లేకుండా అవతలి నీళ్లలోకి దాటుతుంది. తోడుగా మోటారు పడవ పెట్టుకుని ఆ నీళ్లలో ఆడే అనుభవజ్ఞులు ఉన్నారు. పడవ లేకుండా ఎవరూ ఆ పని చేయకూడదు, ఎంత వచ్చినవాళ్లైనా సరే.

దీనికి నేను వాడే పద్ధతి ఒకటే, ఏ యాప్ కంటే ఇది మేలు. నీటి అంచున, చెట్లకు దూరంగా సముద్రం వైపు తిరిగి నిలబడండి. గాలి వీపుకు తగిలితే దిగొద్దు. నేరుగా ముఖానికి తగిలితే కొట్టుకుపోరు గానీ లోపలికి వెళ్లడమే కష్టం, అలలు వెనక్కి నెడుతూనే ఉంటాయి. చెంపకు తగులుతూ కాస్త ముఖం వైపు నుంచి వస్తుంటే అదే మనకు కావలసిన గాలి. వెళ్లడం, రావడం రెండూ కుదురుతాయి, ఏదైనా విరిగినా ఒడ్డుకే చేరతారు. కర్రకు కట్టిన రిబ్బను పావుగంట గమనించండి. అది అన్ని వైపులకూ తిరుగుతుంటే మీరున్నచోట ఏదో అడ్డు ఉంది, చోటు మార్చాలి.

తీరం వంకర్లు తిరిగి ఉంటుంది కాబట్టి ఒకే గాలి ఒక ఒడ్డున వీపుకు, కొద్ది దూరంలోనే చెంపకు తగలొచ్చు. ముందు రోజు రాత్రే మ్యాపులో చూసుకుని రెండు మూడు చోట్లు అనుకోండి. పొద్దున జాలర్లను అడగండి. నైరుతి గాలిని కచ్చాన్ అని, ఉత్తరపు గాలిని వాడై అని అంటారు. మన వైపు వాళ్లకు ఆపాటి తమిళం చాలు. వాళ్లు పడవలు ఒడ్డుకు లాగేసిన రోజు మీరూ ఆగిపోండి.

అంత దూరం ఎందుకని చెన్నై దాటి కోవళం వెళ్లేవాళ్లకూ ఇదే చిక్కు. జూన్‌లో అక్కడ పొద్దున పడమటి గాలి నేల మీద నుంచి వీస్తుంది, అంటే వీపు గాలి. మధ్యాహ్నానికో ఆ తర్వాతో సముద్రపు గాలి దాన్ని తోసేసి లోపలికి వస్తుంది. మధ్యలో కాసేపు గాలి ఆగిపోతుంది. ఆ మార్పు పూర్తయ్యేదాకా ఒడ్డునే కూర్చోవాలి.

5. దిగే ముందు

పొద్దున చూసింది మధ్యాహ్నానికి చెల్లదు. భోజనం తర్వాత మళ్లీ నీటి అంచున నిలబడి చూడాలి. నీటి మీద అక్కడక్కడ తెల్ల నురగ మొదలైతే 10 నాట్స్ దాటుతోందని, ఎటు చూసినా నురగే అయితే కొత్తవాళ్ల పని అయిపోయిందని అర్థం. సాయంత్రం నాలుగు తర్వాత దిగొద్దు. చీకటి పడితే వెతకడం ఎవరి తరమూ కాదు.

కొట్టుకుపోతే బోర్డును వదిలి ఈదొద్దు. తెరచాపను నీళ్లలో పడేసి బోర్డు మీదే ఉండి, రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి, విజిల్ ఊదండి. కోస్ట్‌గార్డ్ ఉచిత నంబరు 1554. దాన్ని సేవ్ చేసిన ఫోన్‌ను ఒడ్డున కాచుకునే మనిషి చేతికిచ్చి, ఎన్ని గంటలకు తిరిగొస్తారో చెప్పి దిగండి.