కారు మార్చేటోళ్లు టైరు మీది అంకెలు చదువుండ్రి

స్పోర్ట్స్ సెడాన్ ఇచ్చేసి ఇంటిల్లిపాదికి సరిపోయే బండి తీసుకుందామనుకునేటోళ్లకు ఒక మాట. నార్కట్‌పల్లి కాడ విజయవాడ హైవే మీద టెస్ట్ డ్రైవ్ చేస్తే ఏ బండైనా మెత్తగనే పోతది. దాంతోని ఏం తెల్వదు. దేవరకొండ దిక్కు ఊరి రోడ్డుకు తోలుండ్రి, అమ్మను వెనుక సీట్ల కూసోబెట్టి. ఎక్కి దిగినంక ఆమె మోకాళ్లే చెప్తయి.

ఇంకోటి, టైరు మీద అంకెలు చూడుండ్రి. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 అనే స్పోర్ట్స్ సెడాన్ లెక్క 225/40 ఉంటే, 225 అంటే మిల్లీమీటర్లల టైరు వెడల్పు, పక్కగోడ ఎత్తు దాంట్ల 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లే. ఇన్నోవా క్రిస్టా 205/65 టైరుకైతే 133. గుంత దెబ్బను ముందుగాల మింగేది ఆ రబ్బరే. చక్రం పెద్దగైతే ఆ రబ్బరు తగ్గుతది, అందుకే పెద్ద అలాయ్ చక్రాలున్న టాప్ మోడల్ కంటె కింది మోడలే నడుముకు హాయి అనిపించొచ్చు, పైసలు కూడ మిగులుతయి!

పాత బండి ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనోళ్లకు ఇచ్చే తగ్గింపు) లెటర్ అడిగి తీసుకోండ్రి. అది బండిది కాదు, మీది. వరుసగ ఐదేండ్లు క్లెయిమ్ లేకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంల, అంటే మీ బండికయ్యే నష్టం కోసం కట్టే పైసలల్ల, 50 శాతం తగ్గుతది, కొత్త బండికి కూడ పనికొస్తది. ఎక్స్చేంజ్ హడావుడిల ఈ ముచ్చట ఎవ్వలూ యాది చెయ్యరు.