పొద్దున తినని టీనేజ్ పిల్లలను టిఫిన్ వైపు తిప్పడం ఎలా?

"వీడు అచ్చం వాళ్ల నాన్నే, పొద్దున్నే ఏమీ దిగదు." టిఫిన్ మానేసే పిల్లల గురించి ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. నిజమే కావచ్చు. కానీ నాన్న నుంచి వాడికి వచ్చినవి జన్యువులు మాత్రమేనా? కాఫీ నిలబడే తాగేసి పరుగెత్తే నాన్నను పదిహేనేళ్లుగా చూస్తున్నాడు కూడా.

ఈ చిక్కుముడి విప్పడానికే పరిశోధకులు కవలలను పోల్చి చూస్తారు. ఏకరూప కవలల జన్యువులు దాదాపు అన్నీ ఒకటే, మిగతా కవలలవి సగటున సగమే. ఏకరూప కవలల అలవాట్లే ఎక్కువగా కలిస్తే జన్యువుల పాత్ర ఉన్నట్టు. ఫిన్లాండ్‌లో 16 ఏళ్ల కవలలను ఇలా పరిశీలిస్తే టిఫిన్ అలవాటులో జన్యువులకూ ఇంటి వాతావరణానికీ వాటా ఉందని తేలింది. జన్యువులను మార్చలేం కాబట్టి మిగతా దాని పని పడదాం.

1. సెలవు రోజు గమనించండి. లేపకండి, తినమనకండి. తనంతట తాను ఎన్నింటికి ఆకలి అంటున్నాడో చూడండి. పదింటికి లేచి శుభ్రంగా తింటే తిండి మీద అయిష్టం లేదన్నమాట, ఒంట్లో గడియారం వెనక నడుస్తోంది. యుక్తవయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. రాత్రి మేలుకునే స్వభావం కొంత వారసత్వంగానూ వస్తుంది. అలాంటి పిల్లాడికి ఉదయం ఏడంటే ఇంకా రాత్రే. దాన్ని బద్ధకం అనడం అన్యాయం.

2. రాత్రి పడుకునే వేళను ముందుకు తెండి. అసలు పని ఇక్కడే ఉంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఒక్కసారిగా గంట ముందు పడుకోమంటే గొడవే. నాలుగు రోజులకోసారి పావుగంట జరపండి. లేవగానే కర్టెన్లు తీసేయండి, ఉదయపు వెలుతురు ఒంటి గడియారాన్ని ముందుకు తెస్తుంది. సాయంత్రం కాఫీ ఆపండి, అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. అర్ధరాత్రి చిరుతిళ్లు ఉంటే వాటినీ తగ్గించండి.

3. మీరు కూర్చుని తినండి. పది నిమిషాలు చాలు. ఫోన్ పక్కన పెట్టి తినండి, ఉపన్యాసం వద్దు.

4. గుమ్మం దగ్గర యుద్ధం మానేయండి. ఒక కాలికి షూ, భుజాన బ్యాగు, వెనక ప్లేటుతో అమ్మ: ఆ టెన్షన్‌లో ఎవరికి దిగుతుంది? మొదటి రెండు వారాలు ఒక పండో, గుడ్డో, గ్లాసు పాలో చాలు. అదీ వద్దంటే డబ్బాలో పెట్టివ్వండి, మొదటి విరామంలో తింటాడు. ఏది పెట్టాలో ముందురోజు రాత్రే వాణ్ణే చెప్పమనండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు కూడా తప్పిస్తున్నా, లావైపోతానని భయపడుతున్నా, బరువు తగ్గుతున్నా డాక్టర్‌కు చూపించండి.