వర్ణపటంలో జంట నక్షత్రాన్ని పట్టుకోవడం ఎలా

టెలిస్కోప్‌లో ఒకే చుక్కగా కనిపించే కొన్ని నక్షత్రాలు నిజానికి రెండు. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఆ గుట్టు వర్ణపటంలో, అంటే తార కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో, బయటపడుతుంది. తార మనవైపు వస్తుంటే దాని శోషణ రేఖలు (వర్ణపటంలోని నల్లటి గీతలు) నీలం వైపు, దూరం పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో దాన్ని అసలు తరంగదైర్ఘ్యంతో భాగించి, కాంతి వేగమైన 2,99,792తో గుణిస్తే వేగం సెకనుకు కిలోమీటర్లలో వస్తుంది.

మొదట బీటా ఆరిగే అనే జంట నక్షత్రంతో మొదలుపెట్టండి. బ్రహ్మహృదయానికి దగ్గర్లోనే ఉంటుంది, ప్రకాశ పరిమాణం 1.9. రెండు తారలూ ఇంచుమించు సమానం కాబట్టి రెండింటి గీతలూ కనిపిస్తాయి. బాగా విడిపోయినప్పుడు వేగాల తేడా సెకనుకు సుమారు 220 కి.మీ. హైడ్రోజన్ గీతలు ఈ వేడి తారల్లో మరీ వెడల్పు. సిలికాన్ 6347 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలిచే ప్రమాణం) గీత చూడండి: చీలిక దాదాపు 4.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. విభేదన శక్తి (దగ్గరి గీతలను విడదీసి చూపే సామర్థ్యం) 10,000 ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్‌కి, అంటే వర్ణపటం తీసే పరికరానికి, ఇది తేలిక.

ప్రతి ఎక్స్‌పోజర్‌కీ ముందూ వెనకా, టెలిస్కోప్ కదపకుండా, తరంగదైర్ఘ్యాలు ముందే తెలిసిన గీతలిచ్చే నియాన్ దీపం వర్ణపటం తీయాలి. టెలిస్కోప్ వంపు మారినా, చలి పెరిగినా స్పెక్ట్రోగ్రాఫ్ కొద్దిగా వంగుతుంది, లేని వేగం పుట్టుకొస్తుంది. హైడ్రోజన్ ఆల్ఫా (ఎరుపు రంగులో ఉండే హైడ్రోజన్ గీత) చుట్టుపక్కల మన వాతావరణంలోని నీటి ఆవిరి గీతలుంటాయి. భూమి చలనం సవరించకముందే వాటిని కొలవండి. అవి కదిలితే తప్పు పరికరానిదే.

ఆ సవరణలోనే చాలామంది తడబడతారు. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల ఏడాదిలో సెకనుకు 30 కి.మీ. దాకా అటూ ఇటూ తేడా వస్తుంది. కూడాల్సినచోట తీసేస్తే తప్పు రెట్టింపవుతుంది. అదే రాత్రి రోహిణిని కూడా తీయండి. సవరించాక దాని వేగం సెకనుకు +54 కి.మీ. దగ్గర రావాలి. ఎక్స్‌పోజర్ మధ్య సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాసుకోండి.

ఇక అసలు చిక్కు. బీటా ఆరిగే కక్ష్యాకాలం 3.96 రోజులు, నాలుగుకు కాస్త తక్కువ. రోజూ ఒకే వేళకు తీస్తే కక్ష్యలో అవే నాలుగు చోట్లు మళ్లీ మళ్లీ వస్తాయి: ఒక రాత్రి చీలిక, మరుసటి రాత్రి కలయిక. వేళ కలిసిరాకపోతే పూర్తి చీలిక వారాల తరబడి దొరకదు. ఒకరోజు పొద్దుపోగానే, మరోరోజు తెల్లవారుజామున తీయండి. కక్ష్యాకాలం తెలియని నక్షత్రానికైతే పరిశీలనల మధ్య వ్యవధిని ఒక క్రమం లేకుండా మార్చడం తప్పనిసరి.

గీతలు సగం కలిసిపోయిన రోజు గంట ఆకారంలో ఉండే గాసియన్ వక్రం ఒక్కటే వేస్తే ఏ తారదీ కాని మధ్య విలువ వస్తుంది. రెండు వక్రాలు వేయండి. రెండు గీతల మధ్య దూరం ఒక గీత వెడల్పుకన్నా తక్కువైతే ఆ కొలత వదిలేయండి. కలయిక దాటాక ఏ గీత ఎవరిదో తారుమారు కాకుండా చూసుకోండి.

రెండు వేగాల ఊపులు (ఒక్కో తార వేగం అటూ ఇటూ ఎంత మారుతుందో) దొరికితే వాటి నిష్పత్తిని తిరగేసి ద్రవ్యరాశుల నిష్పత్తి తేల్చవచ్చు. కక్ష్య మన చూపుకు ఎంత వంగి ఉందో తెలియకపోతే మాత్రం చేతికి వచ్చేది కనీస ద్రవ్యరాశే. బీటా ఆరిగేలో చిన్న గ్రహణాలు జరుగుతాయి కాబట్టి ఆ వంపు కూడా తెలుసు. రెండు తారలూ సూర్యుడికి రెండింతల పైచిలుకు బరువని అలాగే తేలింది.