గండికోట ఊరు చూడాలంటే

గండికోటకు వచ్చేవాళ్లలో చాలామంది కోట గుమ్మం దాటగానే నేరుగా గండి దగ్గరికి, అంటే పెన్న నది కొండను కోసుకుపోయిన లోయ దగ్గరికి పోతారు. అక్కడ నాలుగు ఫోటోలు దిగి, మధ్యాహ్నం భోజనానికి జమ్మలమడుగు చేరిపోతారు. గండి చూడదగ్గదే, కాదనేదేముంది. కానీ విజయనగర రాజుల సామంతులుగా ఈ కోటనేలిన పెమ్మసాని నాయకుల కాలంలో ఇక్కడ గుడి, కొట్టు, కోనేరు, కావలి అన్నీ ఉన్న పట్టణం నడిచింది. ఆ పట్టణం కనబడాలంటే గండిని ఆఖరికి పెట్టుకుని, తూర్పు గుమ్మం నుంచి కాలినడకన మొదలుపెట్టాలి. నాలుగు గంటలు చాలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి వచ్చిందంటే పొద్దున తొమ్మిదింటికే రాయి కాలుతుంది, కోట లోపల నీడ తక్కువ. ఆరున్నరకల్లా గుమ్మం దగ్గరుంటే ఎండతో పేచీ ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. గుమ్మం, మాధవరాయస్వామి గోపురం రెండూ తూర్పు మొగం కాబట్టి పొద్దుటి వెలుతురు చెక్కడాల మీద నేరుగా పడుతుంది. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఆటో మాట్లాడుకుంటే రానూ పోనూ, మధ్యలో ఆగే సమయంతో కలిపి ముందే బేరం తేల్చుకోండి. పోవడానికి మాత్రమే మాట్లాడుకుని తిరుగుదారిలో బండి దొరక్క కూర్చునేవాళ్లు ప్రతి ఆదివారం కనబడతారు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టార్చిలైటు, అడుగు నున్నగా అరగని బూట్లు తెచ్చుకోండి. హవాయి చెప్పులు వద్దు.

గుమ్మం దగ్గర తొందరపడొద్దు. తలుపు పలకల్లో మొనలు బయటికి ఉండేట్టు ఇనుప మేకులు దిగ్గొట్టారు. ఏనుగు నుదురు ఆనించి తోయకుండా చేసిన ఏర్పాటది. లోపలికి అడుగుపెట్టగానే దారి తిన్నగా సాగదు, మెలిక తిరుగుతుంది. ఏనుగుకైనా, తలుపు బద్దలుకొట్టే దుంగ మోసేవాళ్లకైనా పరుగు తీసేంత జాగా దొరక్కూడదని అట్ల కట్టారు. ఆ మలుపులో నిలబడి తలెత్తి చూడండి. పైనుంచి ఎన్ని వైపుల నుంచి రాళ్లు విసరొచ్చో మీకే లెక్క తెలుస్తుంది.

గోడ రాయి, గండి రాయి ఒకటే. ఇక్కడి బండ పొరలుపొరలుగా పరుచుకుని, నిలువునా పగుళ్లిచ్చి ఉంటుంది కాబట్టి దిమ్మెలుగా ఊడి వస్తుంది. కోట కట్టేవాళ్లకు రాయి దూరం నుంచి మోసే పని తప్పింది. పెన్న లోయ పడిన వైపు శత్రువు ఎక్కే దారే లేదు. గండి పక్కన కోట కాబట్టి గండికోట అయింది.

లోపల ఇప్పటికీ చిన్న ఊరుంది. ఇళ్ల ముందు నుంచి పోయేటప్పుడు అడక్కుండా ఫోటోలు తీయకండి. చిన్న చార్‌మినార్, పావురాల గోపురం, జైలు దారిలో తగులుతాయి. వాటికి పావుగంట చాలు. అసలు సమయం జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారానికి ఉంచుకోండి, జనం తొంగిచూసి వెళ్లిపోయేది దీన్నే. పైన కమాను కప్పు, లోపల చీకటి. టార్చి వేసి పొడవు, వెడల్పు అడుగులతో కొలవండి. మామూలు అంగ రెండున్నర అడుగులు వస్తుంది. గింజ ఎంత ఎత్తు పోసుంటారో అంచనా వేసి, వచ్చిన ఘనపుటడుగులను 35తో భాగిస్తే ఘనమీటర్లు వస్తాయి. జొన్నలైతే ఘనమీటరుకు సుమారు 7 క్వింటాళ్లు పడతాయి. వడ్లు తేలిక, ఐదున్నర ఆరు క్వింటాళ్లే. గోడ అంచుల దాకా నింపినట్టు లెక్క వేస్తే తప్పు పోతుంది. మనుషులు తిరగడానికి దారి వదలాలి కదా, నాలుగో వంతు తీసేయండి. వచ్చిన అంకె చూస్తే ముట్టడి ఎన్ని నెలలు కాసుకోగలిగేవాళ్లో కొంత అర్థమవుతుంది.

తిండి తర్వాత నీళ్లు. మసీదు దగ్గరే కత్తుల కోనేరు ఉంది. యుద్ధం ముగిశాక కత్తులు ఇక్కడే కడిగేవాళ్లని ఊళ్లో చెప్పుకునే మాట. నెత్తురు కథ ఎట్లున్నా, పెన్న కిందెక్కడో పారుతుంటే కొండ మీది ఊరికి వాననీళ్లు పట్టి ఉంచుకోవడమే దిక్కు. కోనేటి వైపు నేల వాలు చూసుకుంటూ నడవండి, నీళ్లు ఎటునుంచి వచ్చి చేరేవో తెలుస్తుంది.

1650లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. వజ్రాల వ్యాపారంలో పండిన మనిషి ఆయన. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికే వచ్చి ఆయన్ను కలిశాడు. మసీదు మినార్ల దగ్గర నిలబడితే మాధవరాయస్వామి నాలుగంతస్తుల గోపురం కనబడుతుంది. కింది భాగం రాయి, పైన ఇటుక, గార. గార ఊడిన చోట ఇటుకల వరసలు బయటపడ్డాయి, పని ఎట్ల సాగిందో అక్కడ బాగా తెలుస్తుంది. గర్భగుడిలో విగ్రహం లేదు, అర్చన కోసం పోయేవాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది.

రంగనాథస్వామి గుడి దాటితే గండి. లోతు దాదాపు 300 అడుగులు, అంచున కంచె ఉంటుందనుకోవద్దు. గోడకు పనికొచ్చిన ఆ పగుళ్లే ఇక్కడ ప్రమాదం. అంచు దిమ్మె గట్టిగా కనబడుతుంది కానీ వెనక పగులు ఉందో లేదో పైనుంచి తెలియదు. అంచుకు రెండు మూడు మీటర్ల ఇవతలే ఆగండి. వాన పడిన రోజు ఇంకా వెనక్కి. సెల్ఫీ కోసం వెనక్కి నడిచే అలవాటు ఉంటే ఫోను జేబులో పెట్టుకోండి. కింద నీళ్లు ఎంత ఉంటాయనేది మైలవరం జలాశయం నిండటాన్ని బట్టి ఉంటుంది, ఎండాకాలంలో పచ్చని నీళ్ల ఫోటో ఆశించి వస్తే నిరాశే.

ఓపిక మిగిలితే సాయంత్రం తాడిపత్రి పోండి. పెమ్మసాని వాళ్లు కట్టించిన చింతల వెంకటరమణస్వామి గుడి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి రెండూ ఆ ఊళ్లోనే. బుగ్గ గుడి గోపురాలు సగంలో ఆగిపోయాయి కాబట్టి చెక్కడం కంటి ఎత్తులోనే దొరుకుతుంది, మెడ నొప్పి పుట్టదు. గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, నాలుగు దాటాకే చేరుకునేట్టు బయల్దేరండి.