ఇల్లు చూసే ముందు మీటరు చూడండి

వైజాగ్‌లో ఉద్యోగం వచ్చిందని సంబరపడి, అక్కడి అద్దెలు విన్నాక మొహం వేలాడేసుకుని విజయనగరంలో ఇల్లు వెతుక్కునే కుర్రాళ్లని ఏటా చూస్తుంటాను. రైల్లో 60 కిలోమీటర్ల చిల్లర. సీజన్ టికెట్ తీసుకుని పొద్దున్నే పోయి రాత్రికి వచ్చేసేవాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది. ఆ టికెట్ రిజర్వేషన్ పెట్టెల్లో చెల్లదు, అదొక్కటి గుర్తుంచుకోండి.

నేను కరెంటు బిల్లులు కొట్టే మనిషిని. నెల మొదట్లో మెషీను మెళ్లో వేసుకుని వీధివీధీ తిరుగుతాను. అందుకని చుట్టాలందరూ "ఎక్కడైనా వాటా ఖాళీ ఉందా బాబాయ్" అని నాకే ఫోన్ చేస్తారు. ఎవరిల్లు ఖాళీయో నేను చెప్పను, అది పద్ధతి కాదు. ఎలా కనిపెట్టాలో మాత్రం చెబుతాను.

ఫోన్లో వెతికితే ఇక్కడ దొరికేవి అపార్ట్‌మెంట్లే, అవీ బ్రోకర్లు పెట్టినవే. బ్రోకరంటే నెల అద్దె వాడి చేతిలో పెట్టాలి. చవక వాటాలు ఫోన్లోకి ఎక్కవు. కోట చుట్టుపక్కల, గంటస్తంభం వెనక సందుల్లో, అయ్యకోనేరు గట్ల మీద పాత డాబాలు, పెంకుటిళ్లు ఉన్నాయి. వాటి ఓనర్లు పెద్దవాళ్లు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. వీళ్లు టు-లెట్ బోర్డు కూడా కట్టరు, "తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చూడు" అని ఇస్త్రీ బండివాడికి చెప్పి ఊరుకుంటారు. మీరు అడగాల్సింది ఆ ఇస్త్రీ బండివాణ్ణి, పాలు పోసేవాణ్ణి, వీధి చివర కిరాణా కొట్టావిణ్ణి. కొట్లో ఏదో ఒకటి కొనుక్కుని అడగండి, ఊరికే అడిగితే ఊరికే చెబుతారు.

ఇంకో గుర్తు. గేటు గ్రిల్లులో మా బిల్లు కాగితాలు మడత విప్పకుండా మూడో నాలుగో ఇరుక్కుని, ఎండకి అక్షరాలు వెలిసిపోయి కనిపించాయంటే ఆ వాటాలో ఎవరూ లేరన్నమాటే. పక్కింటి తలుపు కొట్టి ఓనరు ఎక్కడుంటారో కనుక్కోండి.

ఎప్పుడు వెతకాలంటే, ఆషాఢంలో. మనవాళ్లు ఆషాఢం, భాద్రపదం, పుష్యం మాసాల్లో ఇల్లు మారరు. ఆ నెలంతా ఖాళీగా పడుంటుందని ఓనరుకీ బెంగే. అప్పుడు బేరం ఆడి, అద్దె ఖాయం చేసుకుని, చిన్న మొత్తం చేతిలో పెట్టి, శ్రావణంలో పాలు పొంగించుకుంటామని చెప్పండి. మీ పట్టింపు నిలుస్తుంది, అద్దె కూడా తగ్గుతుంది. శ్రావణం వచ్చాక వెళ్తే ఆ మాట చెల్లదు. ఈమధ్య భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అద్దె పెంచేవాళ్లు తయారయ్యారు. విమానం మీ సందులోకి దిగదు కదండీ అని నవ్వుతూ అనేయండి, కోపం తెచ్చుకోరు.

ఇక నా పని సంగతి. అద్దె ఐదు వందలు తగ్గిందని మురిసిపోయి మీటరు దగ్గర ఆ ఐదు వందలూ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. మొట్టమొదట అడగాల్సింది: ఈ వాటాకి సొంత సర్వీసు, అంటే విడి కరెంటు కనెక్షన్ ఉందా, అందరికీ కలిపి ఒకటే మీటరా? 2022లో మార్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీరు నెలకి 100 యూనిట్లు కాలిస్తే సొంత మీటరు మీద యూనిట్ల సొమ్ము 304 రూపాయల చిల్లర. అదే 100 యూనిట్ల చొప్పున మూడు వాటాలు ఒకే మీటరు మీద ఉంటే మొత్తం 300 యూనిట్లు, 1,673 రూపాయలు. మూడు భాగాలేస్తే తలా 557. ఫిక్స్‌డ్ చార్జీ, మిగతా వడ్డింపులు వేరే. వాడింది అదే కరెంటు, తేడా నెలకి 250. వేసవిలో కింది వాటావాళ్లు ఏసీ పెట్టారంటే ఆ పాపంలో మీకూ వాటా ఉంటుంది. ఓనరు సబ్ మీటరు పెట్టి "యూనిట్‌కి ఎనిమిది" అంటే ఒప్పుకోకండి, పై లెక్క కాగితం మీద వేసి చూపించండి.

సొంత మీటరే ఉందన్నా ఒక పరీక్ష చేయండి. వాటాలో స్విచ్చులన్నీ ఆపించి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీయించి, బయటికొచ్చి మీటరు మీద ఎర్ర లైటు చూడండి. మిణుకుమిణుకు ఆగిపోవాలి. ఇంకా మిణుకుతోందంటే మెట్ల లైటో, నీళ్ల మోటారో, పక్క వాటా గీజరో మీ మీటరు మీద ఉందన్నమాట. మోటారు ఎవరి మీటరు మీద తిరుగుతుందన్నది అడిగి తీరాలి.

పాత బిల్లు ఒకటి చూపించమనండి. బకాయి గడిలో ఏమైనా ఉంటే ముందున్నవాళ్లు ఎగ్గొట్టిపోయినట్టు, అది తీరాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఏసీడీ అని ఒకటి వస్తుంది. అది వాడకాన్ని బట్టి కట్టించుకునే డిపాజిట్, సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లదే అవుతుంది. ఓనరు కట్టుకోవాల్సిన సొమ్ము. ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు వేసే ట్రూ అప్ చార్జీ మీదా ముందే మాటనుకోవడం మంచిది.

నీళ్లకి పెద్ద పరీక్ష అక్కర్లేదు. బాత్రూంలో ఉన్న పాత బకెట్టు లోపలివైపు చూడండి. తెల్లగా పెచ్చు కట్టిందా, పసుపు చార ఉందా? ఆ బోరు నీళ్లతో బియ్యం కడగలేరు. కుళాయి ఎన్నాళ్లకోసారి, ఏ పూట వస్తుందో ఓనర్ని కాదు, పక్క వాటా ఆవిణ్ణి అడగండి.

మీరెవరు, నీసు వండుతారా అని అడుగుతారు. అడగకూడని మాటే, కానీ ఈ ఊళ్లో ఇంకా అడుగుతున్నారు. అబద్ధం చెప్పి దిగకండి, చేపల పులుసు వాసన దాగేది కాదు. అలాంటి ఇంట్లో తలదించుకుని ఉండే కన్నా నాలుగు వీధులు అవతలకి పోవడం మేలు. పెళ్లికాని కుర్రాళ్లయితే మొదటిసారి అమ్మనో అక్కనో వెంటబెట్టుకెళ్లండి, మాట తేలిగ్గా కుదురుతుంది. మూడు లాంతర్ల నుంచి కోట వరకు ఉన్న దారిలో డాబా ఇల్లు దొరికితే ఒక్కటి తెలుసుకోండి. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఊరేగేది ఆ దారినే, సిరిమానోత్సవం నాడు ఆ డాబా మీది కాదు, ఓనరు చుట్టాలది.

ఒప్పందం 11 నెలలకి రాసుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన అద్దెలకే రిజిస్ట్రేషన్ తప్పదని ఉండేది, ఆ లెక్కతో వచ్చిన అలవాటది. మన రాష్ట్రం చేసిన సవరణలో మాత్రం ఆ ఏడాది మినహాయింపు లేదు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకి రెండు నెలల అద్దె మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఉంది, అంతకు మించి అడిగితే ఆ మాట చెప్పండి. పాత ఆదాయపు పన్ను విధానంలో హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటద్దె భత్యం) చూపించేవాళ్లకి ఇంకో చిక్కు. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ కావాలి. అంటే నెలకి 8,500 అయినా దాటినట్టే. పాన్ ఇస్తారో లేదో ముందే అడగండి, తర్వాత అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఇల్లు చూపించకుండా ఫోన్లో డబ్బు వేయమనేవాడు మిలటరీ ఆఫీసరునని చెప్పినా వేయకండి.

దిగేరోజు ఓనరు ఎదుటే మీటరు రీడింగ్ ఫొటో తీసి, ఆయనకే వాట్సాప్ చేయండి. సామాన్లు దించేటప్పుడు మీటరుకి అడ్డంగా బీరువా గాని ఫ్రిజ్ అట్టపెట్టె గాని పెట్టకండి, మీటరున్న వరండాకి తాళం వేసుకుని పోకండి. రీడింగ్ అందకపోతే మేము డోర్‌లాక్ అని కొడతాం, సగటు బిల్లు వస్తుంది. అది కొట్టినవాణ్ణి తిట్టుకుంటూ ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే.